ఇంటికి కాపలా, నోటికి కాపలా

రేపల్లె నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరాన్ని సంపాదకులు మాకు పంపారు. దంపతులిద్దరూ ఉమ్రా యాత్రకు వెళ్ళి పదిహేను రోజుల తరువాత తిరిగి వచ్చారు. ముందు తలుపు తాళం వేసినది వేసినట్లే ఉన్నది. వెనుక వంటింటి తలుపు గొళ్ళెం మాత్రం ఊడబెరికి ఉన్నది. బీరువాలోని బంగారం పోయింది. అది కుమార్తె నికాహ్ కోసం కొద్దికొద్దిగా పన్నెండేళ్ళపాటు కూడబెట్టిన బంగారం. ఆ సోదరి ఇలా అడిగారు: "మౌలానా గారూ, ఇంటికి దొంగ రాకుండా ఏ దుఆ చదవాలి? అల్లాహ్ గృహానికి అతిథులుగా వెళ్ళిన వారి ఇంట్లోనే ఇలా జరిగిందంటే మేము చదివిన దానిలో ఏదైనా లోపం ఉన్నదా?" ఉత్తరం చివర మరొక మాట కూడా ఉన్నది. "ఇది స్టూవర్టుపురం వాళ్ళ పనేనని మా వీధివారందరూ అంటున్నారు. ఠాణాలో అలాగే చెప్పమంటారా?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం సులభం. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మాకు ఉన్నదో లేదో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది.

సోదరీ, మీ దుఆలో లోపం లేదు. పడుకునే ముందు ఆయతుల్ కుర్సీ పఠించే వారికి అల్లాహ్ తరఫున తెల్లవారే వరకు కాపలా ఉంటుందని మనం చిన్ననాటి నుండి వింటున్నాము. ఆ శుభవార్త ఏ సందర్భంలో మనకు అందిందో కూడా గుర్తుచేసుకోవాలి. సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతమది. రంజాన్ జకాత్ ధాన్యానికి కాపలాదారుగా దైవప్రవక్త (స) హజ్రత్ అబూ హురైరా (రజి) గారిని నియమించారు. రాత్రివేళ ఒకడు వచ్చి దోసిళ్ళతో ధాన్యం ఎత్తుకోసాగాడు. అబూ హురైరా (రజి) వాడిని పట్టుకున్నారు. పేదవాడిననీ, పిల్లలు గలవాడిననీ వాడు మొరపెట్టుకోగా దయతలచి విడిచిపెట్టారు. రెండవ రాత్రి కూడా అలాగే జరిగింది. మూడవ రాత్రి పట్టుకున్నప్పుడు వాడు తనను వదిలితే ఒక మేలైన మాట నేర్పుతానని చెప్పి ఆయతుల్ కుర్సీ సంగతి తెలిపాడు. వచ్చినవాడు షైతాన్ అనీ, అబద్ధాలకోరే అయినా ఆ ఒక్క మాట నిజమే చెప్పాడనీ దైవప్రవక్త (స) ధ్రువపరిచారు.

ఈ ఉదంతాన్ని వినిపించినప్పుడు మేము విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతుంటాము. ఆ మూడు రాత్రులూ అబూ హురైరా (రజి) ఏం చేస్తున్నారు? నిద్రపోవడం లేదు. ధాన్యం ప్రక్కనే మేల్కొని కూర్చున్నారు. వచ్చినవాడిని చేతితో పట్టుకున్నారు. అంటే ఆయతుల్ కుర్సీ మనకు కాపలాకు బదులుగా కాక, కాపలా కాస్తున్నవాని చేతికి అందిన వరంగా లభించింది. రాత్రివేళ అల్లాహ్ పేరు తలచి తలుపులు మూయమనీ, పాత్రలపై మూతలు పెట్టమనీ, దీపాలు ఆర్పమనీ హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉన్నది. ఆ ఆదేశంలో పేరు తలచడమూ ఉన్నది, గడియ వేయడమూ ఉన్నది. మనం మొదటిది చేసి రెండవది మరచిపోతున్నాము. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోమన్న తిర్మిజీ హదీసును జుమా ప్రసంగాలలో వినని వారుండరు. విని ఇంటికి వచ్చి పెరటి తలుపు తాళంచెవిని పూలకుండీ క్రింద పెట్టి బజారుకు వెళ్ళేవారు కూడా తక్కువేమీ కాదు. ఆ పూలకుండీ సంగతి తరువాత చెబుతాము.

మా తాతగారి కాలంలో రేపల్లె ప్రాంతపు ఇళ్ళకు మట్టిగోడలు, తాటాకు కప్పులు ఉండేవి. దొంగ తలుపు జోలికి పోకుండా వెనుక గోడకు గునపంతో కన్నం వేసేవాడు. అందువల్లనే "కన్నపు దొంగ" అన్న మాట వచ్చింది. ఇప్పుడు గోడలు సిమెంటువి, తలుపులు టేకువి. అయినా వెనుక తలుపు వెనుక తలుపే. ముందు గుమ్మానికి చెక్కడాలూ, ఇత్తడి గొళ్ళేలూ, ఖరీదైన తాళమూ పెట్టించి, పెరటి వైపు మాత్రం రేకు తలుపూ, నాలుగు మేకులతో బిగించిన చిన్న గొళ్ళెమూ పెట్టించడం మన డెల్టా ఊళ్ళలో ఇంటింటా కనిపిస్తుంది. తాళంకప్ప ఎంత గట్టిదైనా అది తగిలించిన గొళ్ళెం మేకులు వదులైతే ప్రయోజనం లేదు. ఒక్క ఇనుపకమ్మీతో పెకలిస్తే తాళం తెరవకుండానే తలుపు తెరుచుకుంటుంది. రేపల్లె సోదరి ఇంట్లో జరిగినది కూడా ఇదే. గొళ్ళేనికి మేకులు కొట్టించవద్దు. తలుపు చెక్క అవతలి వైపు దాకా పోయే బోల్టు వేయించి, లోపలి వైపున నట్టు బిగించమని వడ్రంగికి చెప్పండి. లోపల పైన ఒకటి, క్రింద ఒకటి గడియలుండాలి. డాబా మెట్లు ఇంటి బయటి నుండి ఉంటే పైనున్న తలుపును కూడా వీధి తలుపుగానే భావించండి. ప్రహరీకి ఆనుకొని ఉన్న జామచెట్టు కొమ్మ దొంగకు నిచ్చెన అవుతుంది.

ఇక వేళల సంగతి. దొంగకు మన నమాజు వేళలు మనకంటే బాగా తెలుసు. తరావీహ్‌కు ఇల్లంతా కదిలి వెళ్ళే గంటన్నర, పండుగ రోజు ఈద్‌గాహ్‌కు వెళ్ళే ఉదయం, పొరుగూరిలో పెళ్ళికో మయ్యత్‌కో తాళం వేసి వెళ్ళే పూట వాడికి అనుకూలమైన వేళలు. ఈ రోజుల్లో ఇంకొక విపరీతం చేరింది. విమానం ఎక్కకముందే ఇహ్రామ్ ఫొటోలు ఫోన్ స్టేటస్‌లో పెడుతున్నాము. మనం ఎన్ని రోజులు ఊళ్ళో ఉండమో చాటింపు వేసి చెప్పడమే అది. ఆరాధనను ప్రదర్శించడంలోని దోషాన్ని గురించి వేరుగా చర్చించుకోవచ్చు. కనీసం తిరిగి వచ్చాక పెడితే బీరువా అయినా మిగులుతుంది. గుమ్మంలో పేరుకున్న దినపత్రికలు, పగలంతా వెలుగుతున్న వీధి దీపం, గేటుకు బయటి నుండి వ్రేలాడే తాళం కూడా అదే చాటింపు వేస్తాయి.

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ వారు తాళం వేసిన ఇళ్ళ కోసం ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే నిఘా ఏర్పాటు తెచ్చారు. ఊరికి వెళ్ళేముందు ఫోన్‌లోని యాప్ ద్వారా విన్నవించుకుంటే సిబ్బంది వచ్చి ఇంటిలో చిన్న కెమెరా అమర్చుతారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు సంకేతం వెళుతుంది. దీనికి రుసుము లేదు. అయినా మన ఇళ్ళలో దీనిని వాడుకున్నవారు మాకు తెలిసి వ్రేళ్ళపై లెక్కించదగినంత మందే. "పోలీసులు ఇంట్లోకి రావడమెందుకు" అన్న జంకు ఉన్నది. ఆ జంకును మేము తప్పుపట్టము. దాని కథ కూడా ముందున్నది. అయితే ప్రయాణానికి వారం ముందే మీ ఠాణాకు వెళ్ళి ఈ ఏర్పాటు ఇప్పుడెలా అందుతున్నదో అడిగి తెలుసుకోవడం మంచిది. అపాయం ఎదురైతే 112 నంబరు ఉండనే ఉన్నది.

బంగారాన్ని ఇంట్లో పెట్టుకొని యాత్రలకు వెళ్ళవద్దు. బ్యాంకు లాకరు తీసుకోవడానికి వడ్డీ భయంతో సందేహించేవారు మాకు తరచుగా ఫోన్ చేస్తుంటారు. లాకరు అంటే మనం అద్దె ఇచ్చి ఒక పెట్టెను వాడుకోవడం. అది ఇజారా వ్యవహారమే కాని అప్పు కాదు, డిపాజిట్టు కాదు. మా దృష్టిలో అందులో అభ్యంతరం లేదు. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం వంటి కారణాలతో లాకరులోని సొత్తు పోతే ఆ లాకరు ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించవలసి ఉంటుంది. రెండు వేల రూపాయల అద్దె అయితే రెండు లక్షలు. నికాహ్ బంగారానికి అది పూర్తిగా సరిపోకపోవచ్చు. పూలకుండీ అయితే అంత హామీ కూడా ఇవ్వదు.

వీటన్నిటికంటే గట్టి తాళం పొరుగువాడు. తెనాలిలో మా ప్రక్క ఇంటివారు హిందువులు. సంక్రాంతికి వారు సొంతవూరికి వెళితే వారి తాళంచెవి మా ఇంట్లో ఉంటుంది. రంజాన్ చివరి పది రాత్రులలో మా వాకిలి వైపు వారి అరుగుమీది నుండి ఒక కన్ను ఉంటుంది. ఎవని కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతనికి విశ్వాసమే లేదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హెచ్చరికను తిరగేసి చూస్తే, పొరుగువానిని నిశ్చింతగా ఉంచడం విశ్వాసంలోని భాగమని అర్థమవుతుంది.

దొంగ నిజంగానే ఎదురుపడితే ఏం చేయాలని యువకులు అడుగుతుంటారు. తన సొత్తును కాపాడుకుంటూ చంపబడినవాడు షహీద్ అన్న హదీసు ఉన్నది. దానిని పట్టుకొని కర్రలు సిద్ధం చేసుకునేవారు ఫిఖ్‌హ్ గ్రంథాలలోని తరువాతి పేజీ కూడా చదవాలి. దాడికి వచ్చినవానిని తేలికైన మార్గంతో ఆపగలిగితే కఠినమైన మార్గానికి పోరాదు. కేకతో పారిపోయేవాడిని కొట్టరాదు. దెబ్బతో ఆగేవాడిని చంపరాదు. దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆస్తి రక్షణకు, ఆత్మరక్షణకు హక్కు ఇచ్చింది. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగులగొట్టి చొరబడేవాని విషయంలో ఆ హక్కును మరింత విస్తరించింది. అయినా రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయరాదన్న హద్దును కూడా గీసింది. దొరికినవాడిని స్తంభానికి కట్టి వీధంతా కలిసి కొట్టడం ఏ హక్కులోనూ లేదు. కులాన్ని బట్టో, జాతిని బట్టో, పుట్టిన చోటును బట్టో అయిదుగురు లేక అంతకు మించినవారు కలిసి ఒకరిని చంపితే అందులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడుతుందని ఆ సంహితలోని 103వ సెక్షన్ చెబుతున్నది.

పుట్టిన చోటు అన్న మాట దగ్గరకు వచ్చాము. రేపల్లె సోదరి రెండవ ప్రశ్న ఇక్కడే ఉన్నది.

బాపట్ల నుండి చీరాల వైపు వెళ్ళే రైలు ఎక్కితే తరువాత వచ్చే చిన్న స్టేషను పేరు స్టూవర్టుపురం. మన జిల్లాలలో ఆ పేరును ఊరి పేరుగా వాడేవారు తక్కువ, తిట్టుగా వాడేవారు ఎక్కువ. ఆ ఊరు ఎలా పుట్టిందో తెలిసినవారు ఇంకా తక్కువ. ఎరుకలవారు ఒకప్పుడు గాడిదలపై, ఎడ్లపై ఉప్పునూ ధాన్యాన్నీ వేసుకొని కోస్తా నుండి లోపలి ప్రాంతాలకు తిరిగి వర్తకం చేసేవారు. బుట్టలు, చేటలు అల్లేవారు. రైళ్ళు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వ పెత్తనం పెరిగి ఆ వర్తకం కూలిపోయింది. అడవి చట్టాలు వచ్చి వెదురు, ఆకు దొరకడం కష్టమైంది. బ్రతుకుతెరువు పోయి తిరుగుతున్న వారిని ఆంగ్ల ప్రభుత్వం అనుమానించింది. ఉత్తరాదిన 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మరింత బిగించి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చింది. ఆ చట్టం క్రింద ప్రభుత్వం ఒక జాతినంతటినీ నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన తప్పని కోర్టుకు వెళ్ళే దారి లేదు. వ్రేలిముద్రలు తీసుకునేవారు. పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. చీటీ లేనిదే ఊరు దాటరాదు. దొంగతనం చేసినవాడికీ, చేయనివాడికీ, ఆ రోజే పుట్టిన శిశువుకూ ఒకటే ముద్ర.

1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో బాపట్ల దగ్గర ఇటువంటి ఒక సెటిల్‌మెంటు వెలసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులవారు నేటికీ ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటారు. చట్టం పోయినా పేరు పోలేదు. ఆ ఊళ్ళో దొంగతనాలు చేసినవారు లేరా అంటే ఉన్నారు. వారి పేర్లు పత్రికలలో వచ్చాయి, వారిపై సినిమాలూ వచ్చాయి. 1970వ దశకంలో హేమలతా లవణం, లవణం దంపతులు ఆ ఊరికి వెళ్ళి, నేరం వదిలిన కుటుంబాలకు భూమి, చదువు, పని అందేలా ఏళ్ళ తరబడి శ్రమించారు. హేమలత గారు మహాకవి గుర్రం జాషువ కుమార్తె. లవణం గారు విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకులైన గోరా కుమారుడు. దేవుడిని నమ్మనివారు ఆ గుమ్మాలు ఎక్కారు. చీరాలలో, బాపట్లలో మస్జిదులు ఉండి కూడా మేము ఎక్కలేదు. ఈ మాట వ్రాయడానికి మాకు కష్టంగానే ఉన్నది.

2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, జైళ్ళ నియమావళులలో విముక్త జాతులవారిని పుట్టుకతోనే అలవాటు పడిన నేరస్థులుగా చూసే నిబంధనలను తప్పుపట్టి కొట్టివేసింది. వారిని ఇష్టానుసారంగా అరెస్టు చేయకుండా జాగ్రత్త వహించాలని పోలీసులను ఆదేశించింది. చట్టం రద్దయి డెబ్బది రెండేళ్ళు గడిచాక కూడా అటువంటి తీర్పు అవసరమైంది.

అనుమానాలలో చాలావాటికి దూరంగా ఉండమనీ, ఇతరుల గుట్టు ఆరా తీయవద్దనీ హుజురాత్ సూరా 12వ వాక్యం మనలను ఆజ్ఞాపిస్తున్నది. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేక, సలాం చెప్పక ప్రవేశించరాదని నూర్ సూరా 27వ వాక్యం నిషేధిస్తున్నది. మూడుసార్లు అనుమతి కోరినా లభించకపోతే వెనుదిరగమన్నది హదీసు. ఈ ఆజ్ఞలను మనం మన ఇంటికి కంచెగా చదువుకుంటున్నాము. ఎదుటివాని ఇంటికీ అవే కంచె. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలానికి చెందినదిగా గ్రంథాలలో ఒక ఉదంతం ప్రసిద్ధం. రాత్రి గస్తీలో ఒక ఇంటి నుండి పాట వినిపించి ఆయన గోడ ఎక్కి లోనికి దిగారు. ఇంటివాడు మద్యంతో పట్టుబడ్డాడు. కాని అతడు, "విశ్వాసుల నాయకా, నేను చేసిన పాపం ఒక్కటి, మీరు చేసినవి మూడు" అన్నాడు. ఆరా తీయవద్దని ఉన్నది, తీశారు. ఇళ్ళలోకి తలుపుల నుండి రమ్మని ఉన్నది, గోడ దూకారు. అనుమతి కోరమని ఉన్నది, కోరలేదు. ఉమర్ (రజి) జవాబు చెప్పలేక అతడిని మన్నించి వెళ్ళిపోయారు. పాలకుడు కూడా మరొకరి ఇంట చొరబాటుదారు కాగలడని చెప్పే ఉదంతమిది.

ఇక మా పూలకుండీ సంగతి.

కొన్నేళ్ళ క్రితం రంజాన్ 27వ రాత్రి. ఇల్లంతా మస్జిదులోనే ఉన్నది. మదరసా విద్యార్థుల భోజనం కోసం దాతలు ఇచ్చిన ముప్పది ఎనిమిది వేల రూపాయల జకాత్ సొమ్ము మా బీరువాలో ఉన్నది. సహరీ వేళకు తిరిగి వచ్చేసరికి పెరటి తలుపు చేరవేసి ఉన్నది. తాళం పగలలేదు. తాళంచెవి తలుపుకే ఉన్నది. పూలకుండీ ప్రక్కకు జరిపి ఉన్నది. సొమ్ము పోయింది, మా ఇంటివారి నల్లపూసల దండ కూడా పోయింది.

తెల్లవారేసరికి వీధి అంతా చేరింది. ఆ మధ్యాహ్నం ఒక ఎరుకల పెద్దాయన చేటలు అమ్మడానికి వచ్చిన సంగతి ఎవరో గుర్తుచేశారు. మా ఇంటివారు ఆయన వద్ద ఒక చేట కొన్నారు. ఆయన పెరటి వైపు నీడలో కూర్చొని మంచినీళ్ళు త్రాగి వెళ్ళారు. "ఎక్కడివాడు?" అన్నారొకరు. "స్టూవర్టుపురం" అన్నారు ఇంకొకరు. ఇక ఎవరికీ వేరే ఆలోచన రాలేదు, మాకు కూడా రాలేదు. నలభై ఏళ్ళుగా హుజురాత్ సూరా పాఠం చెబుతున్న నోటితోనే ఒక ఠాణాలో ఆ మాట చెప్పాము. చూశారా అని అడిగితే చూడలేదనే చెప్పాము. అనుమానం ఉన్నదా అంటే ఉన్నదన్నాము. ఆ ఒక్క మాట చాలింది.

పదకొండు రోజుల తరువాత ఒక యువకుడు తెనాలి బజారులో కంసాలి వద్ద ఆ నల్లపూసల దండ అమ్మబోయి పట్టుబడ్డాడు. అతడు మా మొహల్లా వాడే. మా వెనుక వరుసలో నిలబడి తరావీహ్ చదివినవాడు. పిల్లలకు నీళ్ళు పట్టడానికి వచ్చినప్పుడు పూలకుండీ క్రింద తాళంచెవి చూశాడు. సొమ్ము ఖర్చయిపోయింది. వాని తల్లి మా గుమ్మంలో కూర్చొని ఏడ్చింది. అమానతును కాపాడేవాని నిర్లక్ష్యం లేకుండా అది పోతే పరిహారం ఉండదు, నిర్లక్ష్యం ఉంటే ఉంటుందన్నది ఫిఖ్‌హ్‌లో ప్రాథమిక పాఠం. పూలకుండీ క్రింద తాళంచెవి ఉంచినవాడు నిర్లక్ష్యం చేయలేదనడానికి మాకు ఏ గ్రంథమూ దొరకలేదు. రెండేళ్ళపాటు జీతంలో నుండి కొంత కొంతగా ఆ సొమ్ము మదరసాకు కట్టాము. అది కడుతున్నప్పుడు మాకు బాధ కలగలేదు.

బాధ వేరొకచోట ఉన్నది. ఆ పెద్దాయనను రెండు రోజులు ఠాణాలో ఉంచారని దండ దొరికాకనే మాకు తెలిసింది. తెనాలిలో రైలు ఎక్కి, బాపట్ల దాటి, ఆ చిన్న స్టేషనులో దిగాము. ఇల్లు అడిగితే చూపించినవారు మా గడ్డాన్నీ, టోపీనీ ఒకసారి పరిశీలనగా చూశారు. పట్టణాలలో అద్దె ఇల్లు అడిగి పేరు చెప్పగానే ఇంటి యజమానుల ముఖాలలో కనిపించే చూపు అది. ఆ చూపు మాకు బాగా తెలుసు. దానిని మేము కూడా మరొకరిపై వేశామని అక్కడ నిలబడినప్పుడు తెలిసింది.

గుమ్మం బయట నిలబడి సలాం చెప్పే అలవాటు చొప్పున నమస్కారం చెప్పి, లోనికి రావచ్చునా అని అడిగాము. పెద్దాయన మంచం మీద నుండి లేచి కుర్చీ వేశారు. మేము చెప్పదలచుకున్నది చెప్పి క్షమించమని అడిగాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "పోనీలెండి సాయిబు గారూ, దొంగ దొరికాడుగా" అన్నారు. ఆయన భార్య ద్వారబంధం దగ్గర నిలబడి ఉన్నది. ఆమె మాత్రం ఊరుకోలేదు. "మీ ఇంట్లోకి ఎవరొచ్చారో తేలింది కదండీ. ఆ రాత్రి మా ఇంట్లోకి వచ్చినవాళ్ళు తలుపు తట్టలేదు. కోడలు పురిటి మంచంలో ఉంది. బియ్యం డబ్బా కూడా బోర్లించి చూశారు. దానికి మేమెవరికి చెప్పుకోవాలి సాయిబు గారూ?" అన్నది.

మా వద్ద జవాబు లేదు. తెచ్చిన పండ్లు అక్కడ పెట్టడానికి కూడా చేయి రాలేదు. ఆయనే అందుకున్నారు.

రేపల్లె సోదరీ, ఠాణాకు తప్పక వెళ్ళండి. పోయిన వస్తువుల పట్టిక, తూకం, కొన్న రశీదులు, ఉంటే ఆ నగలు వేసుకున్న ఫొటోలు తీసుకొని వెళ్ళండి. మీ ఊరి ఠాణా పరిధి కాదని ఎవరైనా అంటే, పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు నమోదు చేసుకోవాలని ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో ఉన్నదని చెప్పండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా అడిగి తీసుకోండి. గొళ్ళెం ఊడిన చోటును వారు వచ్చి చూసేవరకు ఎవరినీ తాకనివ్వవద్దు. చూసినది చూసినట్లు చెప్పండి. మీ ప్రయాణం తేదీలు ఎవరికి తెలుసునో, పెరటి తలుపు సంగతి ఎవరికి తెలుసునో అడిగితే అది కూడా దాచకుండా చెప్పండి. వీధివారు అన్న మాట మీరు చూసినది కాదు. దానిని వీధిలోనే విడిచి వెళ్ళండి.

ఆ పెద్దాయనను మునుపటిలాగే మా వీధికి రమ్మని వచ్చేటప్పుడు అడిగాము. అలాగేనన్నట్లు తల ఊపారు. ఇప్పటికి నాలుగు రంజాన్లు గడిచాయి. ఆయన ఇంకా రాలేదు.